పానుగంటి ఇంటిపేరు: గంటా, కన్నా, కల్లా? అసలు ఏ ఊరిది?

పానుగంటోడు
మా ఇంటిపేరు పానుగంటి. నెట్‌లో వెతికితే "సాక్షి" వ్యాసాలు రాసిన పానుగంటి లక్ష్మీనరసింహారావు గారి పేరు తప్ప ఇంకేమీ తగలట్లేదు. చుట్టాల్ని అడిగితే తలో మాట. ఒకాయన పానుపు + గంట అంటాడు, అంటే గుళ్ళో పవళింపు సేవకి గంట కొట్టినవాళ్ళట. ఇంకొకాయన పాము + కన్ను అంటాడు. మూడో వెర్షన్ పానకం + గంటె. నాకు కావలసినవి నాలుగు: (1) అసలు ఎక్కడి నుంచి వచ్చింది, (2) పానగంటి, పానుగంటి ఒకటేనా, (3) ఈ పేరున్న కుటుంబాలు ఎన్ని ఉంటాయో ఎలా తెలుస్తుంది, (4) పిల్లాడి పాస్‌పోర్టుకి ఏ స్పెల్లింగ్ రాయాలి. మూడు తరాలుగా పొలాలు, కాగితాలు అన్నీ సత్తెనపల్లి వైపే. అంతకు ముందు సంగతి ఎవరికీ తెలీదు.

గోదారిగట్టు
పానకం గంటెకే నా ఓటు. శ్రీరామనవమి పందిట్లో మీకు పర్మనెంట్ పోస్టు.

ఉపవిభక్తి
మూడూ కాదు. ఇది ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేరు. ఆ ఊరు పానుగల్లు.

తెలుగు ఇంటిపేరు చాలావరకు "ఫలానా ఊరి (వారు)" అనే అర్థంలో ఉంటుంది కాబట్టి ఊరి పేరు ఉన్నది ఉన్నట్టు రాదు, ఔపవిభక్తిక రూపంలో, అంటే చివర మారిన రూపంలో వస్తుంది. టంగుటూరు టంగుటూరి అవుతుంది. కందుకూరు కందుకూరి, నూతలపాడు నూతలపాటి. అలాగే "ల్లు"తో ముగిసే కొన్ని మాటలు "ంటి"గా మారతాయి: ఇల్లు–ఇంటి, విల్లు–వింటి, ముల్లు–ముంటి. కల్లు కూడా ఈ బాపతే. ఓరుగల్లు కోటని పాతవాళ్ళు ఓరుగంటి కోట అన్నారు, ఓరుగంటి అని ఇంటిపేరూ ఉంది. పానుగల్లు–పానుగంటి అదే అచ్చు.

ఇక్కడ కల్లు అంటే రాయి. ఓరుగల్లుకి సంస్కృతంలో ఏకశిలానగరం అని పేరు ఉండటమే సాక్ష్యం, ఓరు అంటే ఒకటి, కల్లు అంటే శిల. విడిమాటగా రాయి దాని చోటు ఆక్రమించింది గానీ సమాసాల్లో ఇంకా బతికే ఉంది. పెళ్ళిలో తొక్కించే సన్నికల్లు చూడండి.

ఇంకో మంచి ఉదాహరణ కొడవటిగంటి. అందరూ కొడవలి, గంట అని విడదీసి తికమక పడతారు. ఎన్టీఆర్ జిల్లా చందర్లపాడు మండలంలో కొడవటికల్లు అనే ఊరు నిక్షేపంలా ఉంది. పక్క మండలం నందిగామలో మాగల్లు, దాని మీద మాగంటి.

తాటిముంజె
కల్లు అంటే రాయి అని మీరంటే సరిపోతుందా మాస్టారూ. పొద్దున్నే చెట్టు దిగేది ఏంటి మరి?

ఉపవిభక్తి
@తాటిముంజె దానికి తేడా తెలిసే పద్ధతి ఉంది. తాగే కల్లు మారదు. కల్లు కుండ, కల్లు కాంపౌండు అంటాం గానీ కంటి కుండ అనం. రాయి అర్థంలో ఉన్న కల్లు ఒక్కటే కంటి/గంటి అవుతుంది. కాబట్టి పానుగంటివారికి మీ పార్టీలో సభ్యత్వం లేదు.

నల్లగొండోన్ని
పానుగల్లు మా నల్లగొండకు ఆనుకొనే ఉంటది, ఇప్పుడు టౌన్‌ల కలిసిపోయింది. కందూరు చోళుల రాజధాని అది. పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం రెండూ ఆడనే. ఛాయా సోమేశ్వరంల లింగం ఎన్క పొద్దుగాల్నుంచి పొద్దుమీకిదాక ఒక్కటే స్తంభం నీడ కదలకుండ నిలబడ్డట్టు కనబడతది. చెరువు పేరు ఉదయసముద్రం, గిప్పుడు మాధవరెడ్డి ప్రాజెక్టు నీళ్ళకు బ్యాలెన్సింగ్ రిజర్వాయర్. జనం నోట్ల పానగల్. బస్సు బోర్డు మీద పానగల్, శాసనంల పానుగల్లు.

తుంగభద్ర
తొందరపడి నల్లగొండ టికెట్ కొనకండి. వనపర్తి జిల్లాలో ఇంకో పానగల్ ఉంది, మండల కేంద్రం, కొండ మీద పెద్ద కోట. అది కాక కర్ణాటకలో హావేరి జిల్లా హానగల్ ఉంది కదా, కదంబుల శాసనాల్లో దాని పాత పేరు పానుంగల్లు. కన్నడంలో మాట మొదటి పకారం హకారం అయిపోతుంది (పాలు–హాలు, పులి–హులి), అలా హానగల్ అయింది. అంటే ఒకే పేరుతో మూడు ఊళ్ళు లెక్కలో ఉన్నాయి.

గోదారిగట్టు
అయితే గంగూబాయి హానగల్ గారు పానుగంటివారి ఆడపడుచు అన్నమాట. సంగీతం క్లాసులో చేరిపోండి.

తుంగభద్ర
@గోదారిగట్టు ఆవిడ పేరు కూడా ఊరి పేరే, ఆ మేరకు కరెక్టు. చుట్టరికం మీరు కలిపింది.

కంటిపాప
ఉపవిభక్తి గారి సూత్రం బాగుంది కానీ ప్రతి "కంటి"నీ రాయి చేసేస్తే ఎలా? ముక్కంటిలో కంటి అంటే కన్నే కదా. యాగంటి సంగతి? "నే కంటి శివుని" అన్న మాట మీద నేకంటి, యాగంటి అయిందని స్థలపురాణం. నేకంటి ఇంటిపేరు కూడా ఉంది. పాము కన్ను పూర్తిగా కొట్టిపారేయలేం.

ఉపవిభక్తి
@కంటిపాప ముక్కంటి నేనూ ఒప్పుకుంటాను. కన్ను–కంటి, కల్లు–కంటి రెండూ ఒకే రూపం, అక్కడే చిక్కు. అందుకని పేరు చూసి అర్థం చెప్పకూడదు, ఊరు చూసి చెప్పాలి. "గంటి/కంటి" తీసేసి దాని చోట "గల్లు", "కల్లు", "గల్" పెట్టండి. ఆ పేరుతో ఊరు దొరికితే రాయి. దొరక్కపోతే నోరు మూసుకుని కూర్చోవడం మేలు. పానుగంటికి ఒకటి కాదు మూడు దొరికాయి.

ఇంకోటి. పాము అయితే "పాము కంటి" అవుతుంది గానీ ము వెళ్ళి ను ఎందుకు వస్తుంది? పాముల– అని వచ్చే పేర్లు తెలుగులో బోలెడు, వాటిలో ము చెక్కు చెదరలేదు. పి.వి. గారి పాములపర్తి చూడండి.

శాసనాలపిచ్చి
స్థలపురాణం మీద ఆధారపడితే ఊరు దాటడం కష్టం. ఎవరికైనా అర్థం కాని పేరు కనిపిస్తే దాని చుట్టూ కథ అల్లుకోవడం మన అలవాటు. ఘంటసాల తీసుకోండి, గంటలు, శాల అని చెప్పేస్తారు. కృష్ణా జిల్లాలో ఆ ఊరి బౌద్ధ శాసనాల్లో పేరు కంటకసేల. పాత గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసిన రేవు పేరు కొంటకొస్సిల కూడా దానికి దగ్గరగానే ఉంటుంది. గంట తర్వాత వచ్చి కూర్చుంది.

పానుగల్లులో "గల్లు" ఖాయం. "పాను" దగ్గర మాత్రం ఎవరు ఏ అర్థం చెప్పినా శాసనం చూపించమనండి. పానుపు అనేవాళ్ళు ఉంటారు, పడకలా పరిచిన బండ అని సమర్థిస్తారు కూడా. వినడానికి బాగానే ఉంటుంది, అంతవరకే.

తాటిముంజె
పడకలా పరిచిన బండ. అంటే మొదటాయన చెప్పిన పానుపు సగం గెలిచింది, గంట ఓడిపోయింది.

గంటిమావ
ఒక్క మనవి. కోనసీమలో కొత్తపేట మండలంలో గంటి అనే ఊరే ఉంది. లోక్‌సభ స్పీకర్‌గా చేసిన బాలయోగి గారి ఇంటిపేరూ గంటి. ఉత్త "గంటి"ని కల్లు నుంచి లాగకండి దయచేసి, ముందు ఏమీ లేనప్పుడు లెక్క వేరు.

ఉపవిభక్తి
@గంటిమావ నూటికి నూరుపాళ్ళు. సూత్రం చివరి భాగానికే.

రావిచెట్టు
మరి ఊరి పేరు మీద వచ్చినా మారని ఇంటిపేర్లు ఉన్నాయి కదా? ఘంటసాల, నిడదవోలు, రాయప్రోలు…

ఉపవిభక్తి
ఘంటసాల, తాళ్ళపాక లాంటి అకారాంతాలకి, ముళ్ళపూడి లాంటి ఇకారాంతాలకి మారే పని లేదు. ప్రోలు, వోలు కూడా సాధారణంగా అలాగే ఉండిపోతాయి. మారేవి ముఖ్యంగా ఊరు–ఊరి, పాడు–పాటి, కల్లు–కంటి. ఈ మూడు గుర్తుంటే సగం ఇంటిపేర్లు ఊళ్ళుగా విడిపోతాయి.

పానుగంటోడు
అందరికీ థాంక్స్. పాము పోయినందుకు మా ఆవిడ చాలా సంతోషించింది. పానగంటి సంగతి చెప్పండి. మా పెళ్ళి శుభలేఖలోనే ఒక వైపు పానుగంటి, కవరు మీద పానగంటి అని పడింది.

మద్రాసుమెయిల్
రెండూ ఒకటే అనడానికి గట్టి ఉదాహరణ పానగల్ రాజా. మద్రాసు ప్రెసిడెన్సీకి 1921 నుంచి 1926 దాకా ప్రధానిగా చేశారు, జస్టిస్ పార్టీ. పుట్టింది కాళహస్తిలో. చెన్నైలో టీ నగర్ పానగల్ పార్కు ఆయన పేరే. ఆయన అసలు పేరు పానగంటి రామారాయణింగారు. ఇంటిపేరు పానగంటి, బిరుదు పానగల్ రాజా. ఊరి పేరు, దాని ఔపవిభక్తికం ఒకే మనిషి పేరులో పక్కపక్కనే ఉన్నాయి. ఇంతకంటే రుజువు ఏం కావాలి.

కంటిపాప
ఆయన వెలమ దొర, సాక్షి వ్యాసాలాయన బ్రాహ్మణుడు. ఒకే ఇంటిపేరు ఎలా?

శాసనాలపిచ్చి
ఊరి పేరు ఇంటిపేరు అయినప్పుడు అంతే. ఆ ఊరి నుంచి బయటికి పోయినవాళ్ళందరికీ కొత్త ఊళ్ళో అదే గుర్తు. బ్రాహ్మలు పోతే వాళ్ళు పానుగంటివారు, కాపులు పోతే వాళ్ళూ పానుగంటివారే. గమనించండి, ఊళ్ళోనే ఉన్నవాడికి ఆ ఊరి పేరు ఇంటిపేరుగా పనికిరాదు, ఎందుకంటే అక్కడ అందరూ పానుగల్లు వాళ్ళే. కాబట్టి పానుగల్లులో పానుగంటివారిని వెతికి ఉపయోగం తక్కువ. మోక్షగుండం ఉమ్మడి ప్రకాశం జిల్లాలో ఉంది, ఆ పేరుతో ప్రసిద్ధికెక్కిన విశ్వేశ్వరయ్య గారి కుటుంబం మైసూరు వైపు స్థిరపడింది.

ఇంటిపేరు కలిసిందని చుట్టరికం ఉన్నట్టు కాదు. గోత్రం కలవాలి, శాఖ కలవాలి. ఒక్క కులంలోనే ఒకే ఇంటిపేరుకి రెండు మూడు గోత్రాలు కనిపిస్తే ఆ ఊరి నుంచి వేరు వేరు కుటుంబాలు విడివిడిగా వలస వచ్చాయని అర్థం.

నల్లగొండోన్ని
గిది నిజం. పానగల్‌ల తిరిగి "పానుగంటోళ్ళ ఇల్లేది" అంటే నవ్వుతరు.

పాతకాగితాలు
ఇక పానుగంటోడు గారి అసలు పని. మూడు ఊళ్ళలో ఏదో తేల్చాలంటే సత్తెనపల్లి నుంచి వెనక్కి నడవాలి, పానుగల్లు నుంచి ముందుకి కాదు. వరస ఇలా పెట్టుకోండి.

మొదట ఇంట్లో ఉన్న దస్తావేజులు. పాత క్రయ దస్తావేజు మొదటి పేజీలో అమ్మినవారు, కొన్నవారు, తండ్రి పేరు, "ఫలానా గ్రామ కాపురస్తులు" అని ఉంటుంది. ఈ కాపురం ఊరే మీకు మెట్టు. మీ కుటుంబం ఆ ఊళ్ళో మొదటిసారి కొన్న దస్తావేజు దొరికితే అందులో అంతకు ముందు ఊరు తరచు దొరికిపోతుంది.

దస్తావేజు ఇంట్లో లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీల సర్టిఫికెట్) సాధారణంగా 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది చేతిరాత పుస్తకాల్లో వెతికించాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు సర్వే నంబర్ ఇచ్చి ఊరుకోవడం. ఇండెక్సులు రెండు రకాలు: ఇండెక్స్ 1 మనుషుల పేర్ల మీద, ఇండెక్స్ 2 ఆస్తి మీద. మీకు కావలసింది పేరు కాబట్టి ఇండెక్స్ 1 వెతకమని అర్జీలో స్పష్టంగా రాయండి. "పా" కింద దొరక్కపోతే సొంత పేరు మొదటి అక్షరం కింద చూడమనండి, గుమాస్తాలు రెండు రకాలుగానూ ఎక్కించారు. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అన్నది కూడా రాయాలి, వెతుకుడు ఫీజు దాన్ని బట్టే. పదేళ్ళ ముక్కలుగా అడిగితే డబ్బు వృథా కాదు.

తర్వాత ఇనాం రిజిస్టర్. మీది గుంటూరు వైపు, అంటే పాత మద్రాసు ప్రెసిడెన్సీ. 1858లో ఇనాం కమిషన్ వేసి ఊరూరా మాన్యాలన్నీ విచారించారు. ఆ ఫెయిర్ రిజిస్టర్‌లో మాన్యం ఎవరు ఇచ్చారు, మొదట ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, మొదటివాడికి ఏమవుతాడు అని గడులు ఉంటాయి. అన్నీ ఇంగ్లీషులో. మీ పూర్వీకులకి కరణీకం, అర్చకత్వం, వైద్యం, ఏదో ఒక సేవ కింద అర ఎకరం మాన్యం ఉన్నా ఒక్క లైనులో రెండు మూడు తరాలు దొరుకుతాయి. మాన్యం లేని కుటుంబానికి ఈ రిజిస్టర్ దండగ. నకలు ఆర్కైవ్స్ వారి దగ్గర అడగాలి, అర్జీలో జిల్లా, పాత తాలూకా, గ్రామం మూడూ ఉండాలి. ఇప్పటి మండలం పేరు రాస్తే దొరకదు, 1985కి ముందు మండలాలే లేవు.

చివర కైఫియత్తులు. కాలిన్ మెకంజీ ఉద్యోగులు ఊళ్ళు తిరిగి కరణాల దగ్గర రాయించుకున్న స్థానిక చరిత్రలు. మీ ఊరి కైఫియత్తులో కరణాలు, మిరాసీదారుల (వంశపారంపర్య హక్కుదారుల) పేర్లు ఉంటాయి, కొన్నిట్లో ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో కూడా చెప్పారు. అన్ని ఊళ్ళకీ లేవు.

నల్లగొండోన్ని
మరి తెలంగాణల? మాకు మద్రాసోళ్ళ ఇనాం కమిషన్ లేకుండె.

పాతకాగితాలు
@నల్లగొండోన్ని అక్కడ దారి వేరు. సేత్వార్ (పాత సర్వే రిజిస్టర్), 1954–55 ఖాస్రా పహాణీ, 1955–58 చెసల పహాణీ (భూమి, సాగు లెక్కలు). ఇనాములకైతే అతియాత్ (ఇనాముల విచారణ శాఖ) వారి ముంతఖబ్‌లు (తీర్పు కాగితాలు). హైదరాబాద్ తార్నాక ఆర్కైవ్స్‌లో నిజాం కాలం కాగితాలు ఉన్నాయి, ఎక్కువ ఉర్దూ, ఫార్సీ. చదివి పెట్టేవాడిని వెంట తీసుకెళ్ళాలి.

పెద్ద చిక్కు ఏంటంటే అక్కడి పాత రికార్డుల్లో చాలాచోట్ల ఇంటిపేరే ఉండదు. "ఫలానా వల్ద్ ఫలానా" అని తండ్రి పేరుతో సరిపెట్టేశారు. కాబట్టి ఇంటిపేరు కోసం వెతికితే కాగితం చేతిలో ఉండగానే దాటిపోతుంది. తాత పేరు, ముత్తాత పేరు జంటగా పట్టుకుని వెతకాలి.

సర్వేనంబర్
ఉర్దూలో రాసిన తెలుగు పేరు చదవడం కూడా ఒక విద్య. పానుగంటి రాస్తే హ్రస్వ అచ్చులు గల్లంతు. అక్షరం కింది నుక్తాలు (చుక్కలు) రెండు జారితే పానుగంటి బానుగంటి.

తుంగభద్ర
ఊళ్ళ పేర్లలో "గల్లు" అధికారిక రికార్డులో "గల్" అయింది కూడా ఆ దారినే. వరంగల్, పానగల్. జనాభా లెక్కల గ్రామాల జాబితాలో వెతికేవాళ్ళు తెలంగాణ జిల్లాల్లో "గల్"తో, ఆంధ్ర జిల్లాల్లో "గల్లు", "కల్లు"తో వెతకండి. లేకపోతే సగం ఊళ్ళు తప్పిపోతాయి.

కులగోత్రం
కాగితాలు లేని కులాలకి నోటి రికార్డు ఉంది, దాన్ని మర్చిపోతున్నారు. మన ఊళ్ళలో ఒక్కో కులానికి గోత్రాలు, వంశాలు చెప్పే ఆశ్రిత కులాలు ఉన్నాయి. రెడ్లు, కాపులకి వంశరాజులు (పాత రికార్డుల్లో పిచ్చుకగుంట్లు), పద్మశాలీలకి కూనపులివారు, విశ్వబ్రాహ్మణులకి రుంజవారు, ముదిరాజులకి కాకిపడగలవారు, మాదిగలకి డక్కలివారు. వీళ్ళు మిరాశీ ఊళ్ళు (వంశపారంపర్యంగా తమ వంతుకి వచ్చిన ఊళ్ళు) పంచుకుని తిరుగుతారు. మీ ఊరి మిరాశీ ఏ కుటుంబానిదో కనుక్కుంటే ఇంటిపేరు, గోత్రం, మూలపురుషుడు చెబుతారు. అడిగేటప్పుడు "మీరు పానుగల్లు నుంచి వచ్చారటగా" అని మనమే అందిస్తే వాళ్ళూ అవునంటారు. "మాది ఏ ఊరు" అని అడిగి ఊరుకోండి.

శాసనాలపిచ్చి
ఆ చివరి వాక్యం బంగారం. కరణాలకీ, చుట్టాలకీ, తీర్థాల్లో వంశాలు రాసే పండాలకీ అందరికీ వర్తిస్తుంది.

లెక్కలమాస్టారు
మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. ఎన్ని కుటుంబాలు అన్నదానికి ప్రభుత్వం దగ్గర ఇంటిపేర్ల వారీ లెక్క ప్రచురించలేదు. ప్రపంచ ఇంటిపేర్ల సైట్లు చూపించే అంకె మీద మన పేర్ల విషయంలో నమ్మకం పెట్టుకోవద్దు. అవి చివరి మాటని ఇంటిపేరుగా తీసుకుంటాయి. మనకి ఇంటిపేరు ముందు. అందుకే వాటి లెక్కలో రావు, రెడ్డి, కుమార్ పెద్ద పెద్ద ఇంటిపేర్లు. ఇక "పి. సుబ్బారావు" అని పొడి అక్షరంతో ఉన్నవాళ్ళు అసలు లెక్కలోకే రారు.

ఉన్నంతలో మంచి ఆధారం ఓటర్ల జాబితా. తెలుగు జాబితాలో ఇంటిపేరు ముందు ఉంటుంది, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబర్ ఉంటాయి. కొన్ని జాగ్రత్తలు:

తలలు లెక్కపెట్టకండి, ఇళ్ళు లెక్కపెట్టండి. పెళ్ళయిన ఆడవాళ్ళలో కొందరు పుట్టింటి పేరుతో, కొందరు అత్తింటి పేరుతో నమోదై ఉంటారు, తలల లెక్క రెండు వైపులా తప్పుతుంది. ఒకే ఇంటి నంబర్, ఒకే తండ్రి పేరు ఉంటే ఒక ఇల్లు.

పానుగంటి, పానగంటి, పాణుగంటి, పానిగంటి అన్నీ చూడాలి. ఎక్కించినవాడి చెవి ఎలా వింటే అలా పడింది.

జాబితా పీడీఎఫ్‌లో వెతుకు పెట్టె పనిచేస్తుందని అనుకోకండి. చాలావరకు బొమ్మలు. పనిచేసినట్టు కనిపించినా తెలుగు ఫాంటు లోపల వేరేగా ఉండి "ఫలితాలు లేవు" అంటుంది, జనం పేరే లేదనుకుంటారు. తెలిసిన ఒక పేరు పెట్టి ముందు పరీక్షించండి. అది దొరక్కపోతే కళ్ళతో చదవడమే.

రాష్ట్రం మొత్తం చదవలేరు కాబట్టి మీ ఊరు, చుట్టుపక్కల ఊళ్ళు, ఆ తర్వాత పెళ్ళి సంబంధాలు కలిసిన ఊళ్ళు. ఇంటిపేరు ఒక ఊళ్ళో గుంపుగా, మిగతా చోట్ల ఒకటీ అరా ఉంటే ఆ గుంపు ఊరే పాత మకాం అయ్యే అవకాశం ఎక్కువ.

గోదారిగట్టు
ఫోన్ నంబర్ల యాప్‌లో వెతికితే "పానుగంటి ప్లంబర్", "పానుగంటి చిట్టీ బాకీ" అని కూడా వస్తాయి. అది కూడా వంశ చరిత్రే.

రావిచెట్టు
ఫేస్‌బుక్ గ్రూపులో అడిగితే?

లెక్కలమాస్టారు
@రావిచెట్టు మనుషులు దొరుకుతారు, లెక్క దొరకదు. అమెరికాలో ఉన్నవాళ్ళు పదిమంది పలుకుతారు, ఊళ్ళో ఉన్న వందమంది కనిపించరు.

దత్తతపుత్రుడు
ఇంతా చేసి దత్తత సంగతి మర్చిపోతే వంశవృక్షం వేరే చెట్టెక్కుతుంది. శ్రీశ్రీ గారిని చూడండి. పుట్టింది పూడిపెద్ది వారింట, దత్తత వల్ల శ్రీరంగం అయ్యారు. దత్తతతో ఇంటిపేరు, గోత్రం రెండూ మారతాయి. ఇల్లరికంలో కొన్నిచోట్ల పిల్లలకి తల్లి వైపు ఇంటిపేరు పెట్టారు, గోత్రం మాత్రం తండ్రిదే. ఇంటిపేరు ఒకటై గోత్రం హఠాత్తుగా మారిన తరం కనిపిస్తే అక్కడ ఆగి వెతకండి.

పాతకాగితాలు
దీనికి చేర్పు. రిజిస్టర్ ఆఫీసులో ఆస్తి దస్తావేజులు బుక్ 1లో ఉంటాయి, ఫీజు కడితే ఎవరికైనా నకలు ఇస్తారు. దత్తత దస్తావేజు బుక్ 4లోకి పోతుంది. దానికి నకలు దస్తావేజులో ఉన్నవాళ్ళకో, వాళ్ళ తరఫు హక్కుదారుకో తప్ప ఇవ్వరు. కౌంటర్ దగ్గర లేదన్నారంటే రికార్డు లేదని కాదు, మీకు ఇవ్వరని. వారసత్వం చూపించే కాగితం జత చేసి అడగండి.

వీసాబాధితుడు
నాలుగో ప్రశ్నకి నేను. చరిత్ర ప్రకారం పానుగంటి రైటా పానగంటి రైటా అని పాస్‌పోర్టు ఆఫీసు చూడదు. పిల్లాడి బర్త్ సర్టిఫికెట్, ఆధార్, తండ్రి పాస్‌పోర్టు మూడింట్లో ఒకే స్పెల్లింగ్ ఉండేలా చూసుకోండి, అంతే. తండ్రి పదో తరగతి మెమోలో ఏముందో దాన్నే అందరికీ పాటించండి. మార్చడం కష్టమైన కాగితం అదే.

ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో పూర్తిగా రాయండి, పొడి అక్షరం వద్దు. సర్‌నేమ్ గడి ఖాళీ వదిలి పేరంతా గివెన్ నేమ్‌లో రాస్తే అమెరికా వీసాలో మొత్తం పేరు ఇంటిపేరు అయిపోయి, పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. తర్వాత బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులో మీవాడిని ఫ్నూ అని పిలుస్తారు.

తాటిముంజె
ఫ్నూ పానుగంటి. బాగుంది, హాలీవుడ్‌లో పనికొస్తుంది.

వీసాబాధితుడు
రోమన్ లిపిలో "ట", "త"లకి ఒకటే అక్షరం కదా, అందుకని బయటివాళ్ళు పానుగంతి అంటారు. కొందరు దానికోసం "టీ" తర్వాత "హెచ్" చేర్చి చూస్తారు, అది ఇంకా తప్పు, మన దగ్గర "టీహెచ్" అంటే త. ఉన్నది ఉంచేయండి.

కంటిపాప
ఉపవిభక్తి గారూ, చాగంటి కూడా చాగల్లు నుంచేనా? నిడదవోలు పక్కన చాగల్లు ఉందిగా.

ఉపవిభక్తి
సూత్రానికి అతుకుతుంది, ఊరూ ఉంది. మొదటి ముక్క "చాగ" మీద మాత్రం పేచీ. చాగము అంటే త్యాగము అని ఒక వర్గం, నార తీసే చాగ మొక్క అని ఇంకో వర్గం. నాకు మొక్క వైపు మొగ్గు, ఊళ్ళ పేర్లలో చెట్టూ పుట్టా ఎక్కువ, వేదాంతం తక్కువ.

కంటిపాప
చెట్టు వద్దు, త్యాగమే బాగుంది.

గోదారిగట్టు
ఆ ఊరివాళ్ళు ఓటు వేసి తేల్చుకోవాలి.

పానుగంటోడు
ఇంట్లో వెతికాను. 1931 నాటి క్రయ దస్తావేజు ఒకటి దొరికింది, తాతగారి తండ్రి కొన్నది. కాపురం ఊరు రాసిన చోట మడత మీద సిరా పోయింది, "పల్నాడు తాలూకా" వరకే చదవగలుగుతున్నాను. దీంతో ముందుకు వెళ్ళొచ్చా?

పాతకాగితాలు
బ్రహ్మాండంగా. దస్తావేజు వెనక స్టాంపు మీద రిజిస్ట్రేషన్ నంబర్, సంవత్సరం, బుక్ 1 వాల్యూం, పేజీలు ఉంటాయి. ఆ నాలుగూ ఇచ్చి అదే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ అడగండి. ఆఫీసు పుస్తకంలో దస్తావేజు మొత్తం తిరగరాసి ఉంటుంది, మీ మడత వాళ్ళకి లేదు. అప్పటి ఆఫీసు పరిధి ఇప్పుడు వేరే ఆఫీసుకి మారి ఉండొచ్చు, పుస్తకాలు ఎక్కడున్నాయో ముందు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర కనుక్కుని వెళ్ళండి. మడత మీద నీళ్ళు చల్లడం, ఇస్త్రీ చేయడం లాంటివి చేయొద్దు. పక్క నుంచి లైటు వేసి ఫోటో తీయండి, సిరా పోయినా పాళీ గీత కాగితంలో దిగి ఉంటుంది.

నల్లగొండోన్ని
పల్నాడు అంటే కృష్ణ దాటితే మా జిల్లానే. నల్లగొండ పానుగల్లుకు వనపర్తికన్న జరంత బలం వచ్చింది.

తుంగభద్ర
బలం వచ్చింది, ఖాయం కాలేదు. గోత్రం కలిసే ఇంకో రెండు పానుగంటి కుటుంబాల పాత కాపురాలు కూడా అదే దిక్కు చూపిస్తే అప్పుడు మాట్లాడదాం.

పానుగంటోడు
ఆఫీసు పరిధి కనుక్కుంటున్నాను. పాస్‌పోర్టు ఫారం మాత్రం "ను"తోనే నింపేశాను, మెమోలో అదే ఉంది.